మీకు తెలుసా? బీల, తంపర, వంశధార: కోర్టు మెట్లెక్కిన నీళ్లు

మీకు తెలుసా? సోంపేటలో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు తుపాకులు పేలిన రోజూ, ఢిల్లీలో సోంపేట జనం అప్పీలు నెగ్గిన రోజూ ఒకటే. 2010 జూలై 14.

బీల అంటే ఏమిటో తెలియని పాఠకుల కోసం ముందు రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, కవిటి మండలాల పల్లపు భాగంలో, సముద్రపు ఇసుక దిబ్బలకు ఇవతల, కొండల వైపు నుంచి గెడ్డలు మోసుకొచ్చే నీరంతా చేరి నిలిచే నేల అది. ఆ నీటితో చుట్టుపక్కల వరి పండుతుంది. ఎత్తిపోతల పథకాలు నడుస్తాయి. వల వేసేవాళ్లకు చేపలు దొరుకుతాయి, పశువులకు ఎండాకాలంలోనూ పచ్చగడ్డి దొరుకుతుంది. ఆ ఊళ్లలో పుట్టినవాళ్లెవరూ దాన్ని ఖాళీ జాగా అనరు.

కాగితాలు మాత్రం అలాగే అన్నాయి. 2008లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 1107 ఇచ్చి ఆ నేలను నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి బొగ్గు థర్మల్ కేంద్రం కోసం కేటాయించింది. 2009 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి కూడా వచ్చేసింది. సాగుకు పనికిరాని భూమి గనుక ఎవరికీ నష్టం లేదన్నది వాదన. సోంపేటలో వైద్యుడిగా ఉన్న డాక్టర్ వై. కృష్ణమూర్తి వంటివారు ముందు నిలిచి, ఊళ్లను కూడగట్టి, ఒకపక్క దీక్షా శిబిరం నడుపుతూనే మరోపక్క ఢిల్లీలోని నేషనల్ ఎన్విరాన్‌మెంట్ అప్పెలేట్ అథారిటీకి అప్పీలు పంపించారు. కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసి వచ్చిన ఇ.ఎ.ఎస్. శర్మ లాంటివారు వారికి తోడయ్యారు. అథారిటీ అడిగిన ప్రశ్న చిన్నది: ఇది నిజంగా పనికిరాని భూమా? చిత్తడి నేల అని తేలింది. అనుమతి ఇచ్చే ముందు ఆ సంగతిని సరిగా చూడలేదని చెప్పి, ఆ అనుమతిని రద్దు చేసింది.

ఆ అథారిటీ 1997 నాటి చట్టం కింద పుట్టింది. అక్కడ జనం అప్పీళ్లు నెగ్గడం చాలా అరుదుగా ఉండేది. దాని ఛైర్మన్ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడాన్ని 2009లో ఢిల్లీ హైకోర్టే తప్పుపట్టింది. అలాంటి చోట కూడా బీల గెలిచింది. కానీ ఆ కబురు ఊరికి చేరేసరికి ఊళ్లో శవాలున్నాయి. ఆ తీర్పు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదని, పదిహేనేళ్లు దాటినా, ఆ తేదీ చూసిన ప్రతిసారీ అనిపిస్తుంది నాకు.

థర్మల్ కేంద్రం అక్కడికి రాలేదు. బీల ఉంది.

జమీందారు నుంచి సర్కారుకు

ఊరందరూ వాడుకునే ఈ పల్లపు నేలలు అసలు ప్రభుత్వం చేతికి ఎలా వచ్చాయో తెలుసా? 1936 వరకు మనమున్న ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. అంతకుముందు ఇక్కడ మందస, తర్లా, టెక్కలి అంటూ ఎక్కడ చూసినా జమీందారీలే. చెరువు, అడవి, గెడ్డ, మేత భూమి, అన్నీ జమీందారు లెక్కలోనే.

ఆ లెక్క ఎంత భారమైందో గున్నమ్మ కథ చెబుతుంది. మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి కలప తగాదా మీద రైతులను పట్టుకెళ్లడానికి వచ్చిన పోలీసులను అడ్డుకుని, 1940 ఏప్రిల్ 1న సాసుమాను గున్నమ్మ కాల్పుల్లో ప్రాణం విడిచింది. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. జమీందారీలు పోవాలన్న మాట ఈ నేల మీద గట్టిగా వినిపించిన రోజులవి.

పోయాయి కూడా. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం మూడో సెక్షన్ చదివి చూడండి. ఊరుమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, మేత భూములు, లంకలు, అడవులు, గనులు, నదులు, వాగులు, చెరువులు, చేపల రేవులు, చివరికి పడవ రేవులు కూడా పేరుపేరునా రాసి, అన్నీ ప్రభుత్వానికి దఖలు పడతాయని చెబుతుంది. రైతు చేతిలోని జిరాయితీకి పట్టా వచ్చింది. ఊరందరి చేతిలో ఉన్నదానికి పట్టా ఎవరి పేరునా రాలేదు, రాయడానికి ఒక పేరంటూ లేదు గనుక. రికార్డులో అది సర్కారు భూమి అయింది. అరవై ఏళ్ల తర్వాత ఒక్క జీవోతో కంపెనీకి ఇవ్వగలిగారంటే దాని వేరు ఇక్కడుంది.

జమీందారీ రద్దు గొప్ప చట్టం, సందేహం లేదు. కానీ చెరువునూ బీలనూ వాడుకునే ఊరికి ఒక హక్కుపత్రం కూడా అప్పుడే రాసి ఇచ్చి ఉండవలసింది.

నెల తేడాలో ఒక తీర్పు, ఒక కాల్పు

మీకు తెలుసా? ఊరి ఉమ్మడి భూములను కాపాడాలంటూ సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పుకూ, కాకరాపల్లి కాల్పులకూ మధ్య సరిగ్గా ఒక నెల ఉంది.

జగ్‌పాల్ సింగ్ కేసు తీర్పు 2011 జనవరి 28న వచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకున్నవాళ్లు, డబ్బు కడతాం, మాకే రాసిచ్చేయండి అన్నారు. జస్టిస్ మార్కండేయ కట్జు, జస్టిస్ జ్ఞాన సుధా మిశ్రా ఒప్పుకోలేదు. ఎన్నేళ్లుగా ఉన్నారన్నదీ, ఎంత ఖర్చు పెట్టి కట్టారన్నదీ చూడక్కర్లేదన్నారు. గ్రామ ఉమ్మడి భూములు ఆక్రమణల నుంచి తిరిగి ఊరికి దక్కేలా పథకాలు తయారు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించారు.

ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర మళ్లీ తుపాకులు పేలాయి. అక్కడి నేలను తంపర అంటారు. సోంపేటలో బీల ఎలాగో టెక్కలి వైపు తంపర అలాగ. ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీ అక్కడ థర్మల్ కేంద్రం తలపెట్టింది. దానికి భూమి ఇచ్చిన జీవో నంబరు 1108. సోంపేట జీవోకు పక్క అంకె. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో ఏటా గూడు కట్టే గూడబాతులూ, రంగురంగుల పెద్ద కొంగలూ మేత కోసం ఆ నౌపడా చిత్తడి నేలల మీదే ఆధారపడతాయి. కాల్పుల తర్వాత కేంద్ర పర్యావరణ శాఖ పనులు ఆపమంది, తర్వాత మళ్లీ కదిలాయి, మళ్లీ ఆగాయి. కట్టడాలు లేచాయి గానీ ఆ కేంద్రం నుంచి కరెంటు మాత్రం రాలేదు. చనిపోయినవాళ్ల ఇళ్లలో దుఃఖం మిగిలింది.

జగ్‌పాల్ సింగ్ తీర్పు ఆక్రమణదారు గురించి గట్టిగా మాట్లాడింది. ప్రభుత్వమే ఊరి నేలను రాసిచ్చేసిన చోట, సర్కారు భూమి ఇవ్వడానికి సర్కారుకు అధికారం ఉందన్న జవాబు ఎదురవుతూనే ఉంది. ఈ ముడి ఇంకా పూర్తిగా విడలేదు.

ఉప్పు మడి చిత్తడి నేల కాదు

నౌపడా అనగానే ఉప్పు గుర్తొస్తుంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల ప్రకారం ఉప్పు తయారీ కోసం మనిషి కట్టుకున్న మడులు చిత్తడి నేలల కిందకు రావు. వరి మడులు, నదీ గర్భం, తాగునీటికీ సాగునీటికీ తవ్వుకున్న చెరువులు, రొయ్యల చెరువులు కూడా రావు. సహజంగా ఏర్పడిన బీల, తంపర లాంటివి రావచ్చు. రావచ్చు అంటున్నానంటే కారణం ఉంది. ఆ నిబంధనల్లోని నిషేధాలు వర్తించేది రెండు రకాల వాటికే: రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో చేరినవి, ప్రభుత్వం నోటిఫై చేసినవి. మన రాష్ట్రంలో రామ్‌సర్ గుర్తింపు ఉన్నది కొల్లేరు ఒక్కదానికే.

ఐతే సుప్రీంకోర్టు ఊరుకోలేదు. 2017 ఫిబ్రవరి 8న, ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను నోటిఫై కాకపోయినా అవే సూత్రాలతో కాపాడాలంది. 2024 డిసెంబరులో ఆ లెక్క 2,31,195కి పెరిగిందని చూసి, ఒక్కొక్కదాని దగ్గరకూ మనుషులను పంపి హద్దులు కొలిపించమని రాష్ట్రాలకు చెప్పింది. మీ ఊరి పల్లం ఆ జాబితాలో ఉందా, హద్దులు ఎక్కడ గీశారు అన్నది సమాచార హక్కు చట్టం కింద రాష్ట్ర చిత్తడి నేలల అథారిటీని అడగవచ్చు. దరఖాస్తుకు 10 రూపాయలు చాలు.

ఉద్దానం కుళాయికి ఒక సుప్రీంకోర్టు కేసు ఉంది

ఇది మాత్రం నింపాదిగా చెప్పుకోవాలి.

ఉద్దానం పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు. ఆ ఊళ్లలోనే మూడు దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు ఇంటింటికీ పాకింది. మధుమేహం లేనివాళ్లకు, రక్తపోటు లేనివాళ్లకు, తోటలో కాయకష్టం చేసుకునే నడివయసు వాళ్లకు వచ్చింది. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా ఒక్క మాటతో తేల్చలేదు. నేల అడుగు నీరు తాగడం మానిపించి నదినీరు ఇవ్వాలన్న కోరిక మాత్రం ఊళ్లలో బలంగా ఉండేది. ఆ కోరికకు జవాబుగా సుమారు 700 కోట్లతో పైపులు వేసి హిరమండలం జలాశయం నుంచి పలాస, ఇచ్ఛాపురం నియోజకవర్గాల ఊళ్లకు నీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. 2023 డిసెంబరు 14న వీటిని ప్రారంభించారు.

హిరమండలం జలాశయానికి నీరు ఎక్కడిది? వంశధారది. నది నుంచి జలాశయంలోకి ఎలా వస్తుంది? భామిని మండలం కాట్రగడ్డ దగ్గర ఒడ్డున కట్టిన సైడ్ వియర్ నుంచి, వరద కాలువ గుండా. ఆ సైడ్ వియర్ కట్టడాన్నే ఒడిశా అడ్డుకుంది. మన వైపు కట్టడం వల్ల నది దారి మార్చుకుంటుందని, తమ వాటా తగ్గుతుందని 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసి, కేంద్రం కదలకపోతే సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

రెండు రాష్ట్రాల నీటి తగువును సుప్రీంకోర్టు నేరుగా వినకూడదన్న సంగతి మీకు తెలుసా? రాజ్యాంగం 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం కలిసి ఆ దారి మూసేశాయి. కోర్టు చేయగలిగింది, ట్రిబ్యునల్ వేయమని కేంద్రానికి చెప్పడం. 2009 ఫిబ్రవరి 6న అదే చెప్పింది. ఆరు నెలల గడువు పెట్టింది. ట్రిబ్యునల్ మాత్రం 2010 ఫిబ్రవరి 24కు గానీ ఏర్పడలేదు. జస్టిస్ ముకుందకం శర్మ దానికి అధ్యక్షుడు.

ఆ 2009 తీర్పులో జస్టిస్ కట్జు విడిగా కొన్ని పేజీలు రాశారు. వాటిని మన జిల్లాలో ఎక్కువమంది చదివినట్టు లేదు. తగువు పడుతున్న రెండు రాష్ట్రాల వాటాలు పక్కన పెట్టి ఆయన దాహం గురించి రాశారు. నీరు పొందే హక్కు 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగం అన్నారు. దేశంలో నీటి కొరత తీర్చే దారి వెతకడానికి శాస్త్రవేత్తలతో ఒక సంఘం వేయమని కేంద్రానికి సూచించారు. నీటి హక్కు జీవించే హక్కులో భాగమని అంతకుముందూ కోర్టులు అన్నాయి. కానీ వంశధార పేరు మీద నడిచిన కేసులోనే, ఆ నది నీళ్ల కోసం ఎదురుచూస్తున్న ఉద్దానానికి పనికొచ్చే ఆ మాట పడింది. ఉద్దానం తల్లులు కోర్టుకు పోకుండానే వాళ్ల తరఫున రాసినట్టుంది నాకు.

తర్వాతి కథ తొందరగా. 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాలూ 115 టీఎంసీలు చెరిసగం అనుకున్నాయి. ట్రిబ్యునల్ కూడా సగం సగం దగ్గరే నిలబడింది. 2017 సెప్టెంబరు 13న ఇచ్చిన తీర్పులో నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని, అందుకు ఒడిశా 106 ఎకరాలు సేకరించి ఇవ్వాలని చెప్పింది. అడిగిన వివరణల మీద 2021 జూన్‌లో మరో నివేదిక ఇచ్చింది. ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. నేరడి బ్యారేజీ ఇంకా కట్టలేదు. గొట్టా బ్యారేజీ నుంచి టెక్కలి మీదుగా పారే ఎడమ కాలువ చివరి రైతులు, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు వైపువాళ్లు, ప్రతి ఖరీఫ్‌లోనూ కాలువ వైపు చూస్తూ కూర్చుంటున్నారు. 1962లో కుదిరిన ఒప్పందం మీద బ్యారేజీ లేవడానికి మూడు తరాలు సరిపోకపోతే, లోపం నదిలో లేదు.

జీడిపిక్కల మీద పన్ను ఎవరిది?

నీళ్ల మాట అయ్యాక ఉద్దానం తోటల మాట. రైతు అమ్మే జీడిపిక్కల మీద జీఎస్టీ కట్టాల్సింది కొనే రిజిస్టర్డు వ్యాపారి. 2017 జూన్ 28న వచ్చిన 4వ నంబరు నోటిఫికేషన్‌లో మొదటి వరుసలోనే ఉంది ఈ మాట. పప్పు తీయని జీడిపిక్కలను సాగుదారు అమ్మితే, 5 శాతం పన్ను కొన్నవారి నెత్తిన. రైతుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పలాస, కాశీబుగ్గ బజారులో 80 కిలోల బస్తా లెక్క కట్టేటప్పుడు పన్ను పేరుతో రైతు సొమ్ములో కోత పెడితే దానికి చట్టం ఆధారం లేదు.

చెట్టుకు విలువ కట్టేదెవరు?

మందస, వజ్రపుకొత్తూరు మండలాల తోటల్లో కొంతకాలంగా విమానాశ్రయం మాటే. కావాలనేవాళ్లున్నారు. భూమి ఇచ్చేది లేదని రోడ్డెక్కినవాళ్లున్నారు. నేను తోట పోగొట్టుకునేవాడి పక్షాన ఉండి చెబుతున్నాను: ముందు చట్టం ఏమంటుందో తెలుసుకోండి.

2013 భూసేకరణ చట్టం 29వ సెక్షన్, భూమితో పాటు పోయే చెట్లకు విడిగా విలువ కట్టాలంటుంది. అందుకు వ్యవసాయం, ఉద్యానం, అటవీ రంగాల్లో అనుభవం ఉన్నవారి సాయం తీసుకోవచ్చని కలెక్టరుకు చెబుతుంది. కాపుకు వచ్చిన జీడి చెట్టుకూ, నిన్న నాటిన మొక్కకూ ఒకే ధర కడితే అడిగే హక్కు మీకుంది. 2018 తిత్లీ తుపానులో కొబ్బరి తోటలు నేలమట్టమై, మళ్లీ నాటి, మళ్లీ పెంచుకున్న ఊళ్లివి. ఆ ఏళ్ల చాకిరీ కూడా లెక్కలోకి రావాలి. చెట్ల వయసు, కాపు, ఏటా వచ్చే దిగుబడి ఇప్పటినుంచే ఒక పుస్తకంలో రాసుకోండి. అమ్మిన రసీదులు దాచండి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు. మీ మాట వినకుండా దాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు.

డి-పట్టా భూమి ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన మాట. ప్రభుత్వం ఇచ్చిన భూమి గనుక తిరిగి తీసుకుంటే పరిహారం రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో, ప్రజా ప్రయోజనం కోసం అసైన్డ్ భూమి తిరిగి తీసుకున్నా సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2025 మార్చిలో కర్నూలు ప్రాంతపు భూమి కేసులో సుప్రీంకోర్టు ఆ దారిలోనే నడిచి, ఏళ్లుగా కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబానికి 70 లక్షల రూపాయలు ఇమ్మంది.

ప్రజాభిప్రాయ సేకరణకు కోరం లేదు

మీకు తెలుసా? పర్యావరణ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణకు ఇంతమంది రావాలన్న లెక్కే లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్‌లో అలాగే రాశారు. అందుకే వెళ్లకపోవడం నిరసన కింద లెక్కకు రాదు. బహిష్కరించిన సభ కూడా కాగితం మీద పూర్తయిన సభే.

వెళ్తే ఏం దొరుకుతుంది? ఆ సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి, ఒకటి తెలుగు పత్రికలో. ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో పంచాయతీ దగ్గరా, జిల్లా కార్యాలయాల్లోనూ చదువుకోవడానికి పెట్టాలి. సభ మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతివాడికీ మాట్లాడే, వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో, ఎవరెవరు ఏమేం అన్నారో తెలుగులో చదివి వినిపించి, అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, రేపు అప్పీలులో న్యాయమూర్తి ముందుకు వెళ్లేది ఆ కాగితమూ ఆ వీడియోనే. సభలో పైకి లేచి, ఫలానా సర్వే నంబరులో వానాకాలం నడుము లోతు నీళ్లుంటాయి అని పేరు చెప్పి రాయించినవాడి మాట కోర్టుదాకా వెళుతుంది. చెట్టు కింద అరుగు మీద చెప్పుకున్నది అక్కడే ఆగిపోతుంది.

అనుమతి వచ్చేశాక? ఇప్పుడు అప్పీలు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు. మనకు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు. 90 దాటితే ఒక్క రోజు కూడా కలపడానికి ట్రిబ్యునల్‌కు అధికారం లేదు. ఈ 30 రోజులు ఎప్పటినుంచి మొదలవుతాయన్నది ఏళ్లుగా తగువు. గుజరాత్‌లోని తల్లి గ్రామ పంచాయతీ కేసులో 2025లో సుప్రీంకోర్టు దాన్ని తేల్చింది. అనుమతి సంగతి చాలా దారుల్లో బయటకు వస్తుంది: శాఖ వెబ్‌సైటులో, కంపెనీ వేయించే పత్రికా ప్రకటనలో, పంచాయతీ బోర్డు మీద. వీటిలో ఏది ముందొస్తే అప్పటినుంచే గడువు నడుస్తుందంది. ఆ పంచాయతీకి తర్వాతెప్పుడో తెలిసింది, అప్పీలు పోయింది. ఊరిజనం నెలనెలా వెబ్‌సైటు చూస్తూ ఉండరు. ఆ తీర్పు పల్లెలకు కఠినమైనదే. కానీ ఇప్పుడు చట్టం అదే.

ముందు కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే పద్ధతి గురించి కూడా ఒక మాట. 2025 మే 16న వనశక్తి కేసులో సుప్రీంకోర్టు అది కుదరదంది. అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2–1తో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. మొదటి తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ఈసారి విడిగా అసమ్మతి రాశారు. ఆ అసమ్మతే న్యాయమని నా నమ్మకం. బీలలో స్తంభాలు లేచాక అనుమతి ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తే, నీళ్లు వెళ్లడానికి అప్పటికి చోటు ఉండదు.

మూలపేటలో ఓడరేవు లేస్తోంది. విమానాశ్రయం మాట నడుస్తోంది. ఈ తీరానికి ఇంకా చాలా నోటీసులు వస్తాయి. మీ పంచాయతీ కార్యాలయం ముందు నుంచి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి బోర్డు చూడండి. కొత్త కాగితం కనబడితే ఫోనుతో ఫొటో తీయండి, తీసిన తేదీ రాసి పెట్టుకోండి, అదే రోజు ఊళ్లో చదువుకున్న పిల్లలకు పంపండి. గడువు 30 రోజులు.